రజిత హ్యామర్‌కు వల కట్టి వచ్చాను

అరవై ఒకటో ఏట, అరిగిపోయిన మోకాళ్లతో, సంచిలో రెండు వెదురు సూదులూ మూడు కిలోల నైలాను దారమూ పెట్టుకొని నేను సూరత్ బండి ఎక్కానంటే దానికి కారణం ఒక ఫోను.

"టీచర్, బళ్లె వాలీబాల్ నెట్టు చినిగితే మీరే అల్లేటోళ్లు గదా. గిప్పుడు గూడ అల్లుతరా?"

చేసింది రజిత. నేను పెద్దపల్లి దగ్గర ఒక సర్కారు బడిలో ఇరవై తొమ్మిదేళ్లు పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. మాది గోదావరి ఒడ్డున చేపలు పట్టే ఇల్లు. మా అమ్మ మాట్లాడుతూనే వల అల్లేది, తిడుతూ ఇంకా వేగంగా అల్లేది. నాకు రెండు విద్యలూ వచ్చాయి.

రజిత తండ్రి మల్లేశం సూరత్‌లో మగ్గాల ఫిట్టరు. గది ఇరుకని పిల్లను రెండేళ్లు మా ఊళ్లో మేనత్త దగ్గర ఉంచాడు. ఎనిమిదో తరగతిలో చేరిన వారానికే దాని భుజాలు చూసి చేతిలో షాట్‌పుట్ గుండు పెట్టాను. తర్వాత సూరత్ కాలేజీలో ఒక కోచ్ హ్యామర్ ఇచ్చాడు. హ్యామర్ అంటే సుత్తి కాదు. నాలుగు కిలోల ఇనుప గుండు, దానికో తీగ, తీగ చివర పిడి. ఏడడుగుల గుండ్రటి గీత లోపల నాలుగు చుట్లు గిర్రున తిరిగి వదలాలి. ఆ తిరగడంతోనే మా పిల్ల బ్యాంకాక్, జపాన్, కజకిస్తాన్ చూసి వచ్చింది. ఒకచోట కంచు పతకం, ఇంకోచోట జానెడు తేడాతో నాలుగో స్థానం. ఆ జానెడు గురించి మాత్రం దాని దగ్గర ఎత్తకండి, అన్నం మానేస్తుంది. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది, మోకాలికి ఆపరేషనైంది, ముప్పై ఒకటి నిండాయి. ఈ నెలాఖరున దేశం జట్టుకు సెలెక్షన్లు. "ఈసారి పోకపోతే ఇగ నన్ను ఎవ్వలు పిలువరు టీచర్" అంది.

ఇంతలో ప్రాక్టీసు చేసే చోట చుట్టూ కట్టిన వల చినిగింది. గుండు పక్కకు జారితే జనం మీద పడకుండా ఆపేది ఆ వలే. బాగయ్యేదాకా హ్యామర్ ముట్టొద్దన్నాడు స్థలం ఆసామి పటేల్ సేటు. కొత్తది తెప్పిస్తే నెల పడుతుందట. నెల ఎక్కడుంది?

గురువారం రాత్రి తొమ్మిదిన్నరకు రామగుండంలో అహ్మదాబాదు బండి ఎక్కాను. స్లీపరే. నాలాంటి మోకాళ్లున్నవాళ్లు కింది బెర్తు ఖాయమయ్యాకే బయల్దేరండి. నాకు మధ్య బెర్తు వచ్చింది. ఎదురుగా సిరిసిల్లలో పెళ్లి చూసుకొని సూరత్ పక్క ఉధ్నాలో మగ్గాల పనికి తిరిగి వెళ్తున్న ఒకాయన కూర్చున్నాడు. నా అవస్థ చూసి తన కింది బెర్తు ఇచ్చాడు. ఊరికే ఇవ్వలేదు, సంచిలో ఏముందో అడిగి తెలుసుకున్నాకే ఇచ్చాడు.

"ఆడిపిల్ల ఇనుప గుండు ఇసురుతదా? గందుకు జపాన్ తోల్కపోతరా?"

"తోల్కపోతరు."

"మరి నేను ముప్పై ఏండ్ల సంది మగ్గాలకు నూలు బీములు మోస్తున్న. నన్ను పక్కనున్న వాపి దాకా గూడ ఎవ్వడు తోల్కపోలేదు టీచరమ్మా."

డబ్బా అంతా నవ్వింది. నేను చెద్దరు ముసుగు పెట్టాను.

తెల్లారేసరికి భుసావల్. డజను అరటిపళ్లు కొన్నాను, పండు బాగుంటుంది, మీరూ కొనుక్కోండి. నందుర్బార్‌లో చాయ్ తాగాను, అది వద్దు. నవాపూర్ దాటాక కిటికీ బయట బోర్డుల మీద అక్షరాలు మారిపోయాయి. పక్క సీటు గుజరాతీ అమ్మ మెంతికూర థేప్లా రొట్టెలు రెండు నా చేతిలో పెట్టి, నేను తినేదాకా కన్ను తిప్పలేదు. ఒంటిగంటకు సూరత్ దాకా పోకుండా ఉధ్నాలోనే దిగాను. రజితవాళ్లుండే డిండోలికి ఉధ్నాయే దగ్గర.

రజిత స్టేషన్‌కు వచ్చింది. నా సంచి ఒక చేత్తో అందుకుంది, ఇంకో చేత్తో నన్నూ దాదాపు ఎత్తేసింది. షేర్ ఆటోలో తలకు ఇరవై. దారంతా సందుల్లోంచి మగ్గాల ఖటాఖట. మొదటి పది నిమిషాలు తల పగిలిపోతుంది, తర్వాత అది ఆగితేనే భయమేస్తుంది. ఆటో అతనితో హిందీ, ఫోన్‌లో ఎవరితోనో గుజరాతీ, నాతో తెలుగు, పిల్ల నోట్లో మూడు భాషలు మూడు చుట్లు తిరుగుతున్నాయి.

మల్లేశం ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు. మనిషి బక్కపలచన, మాట మాత్రం గట్టి. "టీచరమ్మా, జర కడుపు నిండ తినుండ్రి. రేపు పనున్నది" అన్నాడు. నా ముందు వల గొప్పలు మొదలుపెట్టాడు. కిందటేడు డ్యూటీలు దిగిన మగ్గాలోళ్లు పదకొండు మంది, రెండు ఆదివారాలు పనిచేసి కట్టారట. "ఏడ గూడ ఒక్క ఇంచు వదులు లేదు. పటేల్ సేటు సూసి షాబాష్ అన్నడు." అలా అంటుంటే ఆ కళ్లల్లో వెలుగు చూడాలి. కూతురు దేశం తరఫున ఆడుతుందంటే అందులో తనకూ ఒక ముడి ఉందని ఆ మనిషి లెక్క.

రజిత మాత్రం రొట్టె ముక్కను తుంచి తుంచి పొడి చేస్తోంది. పిల్లలు పళ్లెంతో ఆడుకుంటున్నారంటే ఏదో దాస్తున్నారని ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు నాకు నేర్పింది. మేడ మీదికి తీసుకెళ్లి అడిగాను.

ఫోన్ తీసి వీడియోలు చూపించింది. ప్రతి విసురూ తీసి పెట్టుకుంటుంది. రెండు నెలల కిందటిది ఒకటి: గుండు పక్కకు జారి వలకు తగిలింది. తగిలి పడిపోలేదు. బంతిలా వెనక్కి ఎగిరొచ్చి పిల్ల పిక్క ఎముకను కొట్టింది. నేను "అయ్యో నా తల్లీ!" అని అరిచాను, కింద కుక్కలు మొరిగాయి. తర్వాతి వీడియోలన్నీ ఒకటే తీరు. నాలుగు చుట్లు తిరగాల్సింది మూడే తిరుగుతోంది. వదలగానే భుజం ముడుచుకొని వల వైపు చూస్తోంది. గుండు వెళ్లాల్సిన చోటికి పది అడుగులు ఇవతలే పడుతోంది.

"చేతులు ఇడుస్తలేవు టీచర్. ఇడిచేటప్పుడు అది మల్ల వస్తదేమో అనిపిస్తది. ఇంట్ల మెట్ల మీద జారిపడ్డ అని చెప్పిన. బాపుకు చెప్పకుండ్రి. గాయన చేత్తోని కట్టిండు."

చెప్పనని ఒట్టేశాను. ఎవరి మీదో అడక్కండి.

శనివారం ఉదయం లోచో తిని, రజిత ప్రాక్టీసు చేసే భేస్తాన్ వెళ్లాం. లోచో అంటే సగం ఉడికినట్టుండే శనగపిండి ముద్ద మీద నూనె, కారం, సన్న కారప్పూస. చూస్తే తినబుద్ధి కాదు, తింటే ఆపబుద్ధి కాదు. పటేల్ సేటు మిల్లు వెనక ఖాళీ స్థలంలో ఇనుప స్తంభాలు, వాటికి వల. దగ్గరికి వెళ్లి వేలితో మీటాను. టంగుమంది! అంత పెద్ద వలను ఎక్కడికక్కడ లాగి, మిగిలిన వెడల్పంతా మడతలు పెట్టి, స్తంభాలకు కుట్లు వేసినట్టు బిగించేశారు. నాకు అంతా అర్థమైపోయింది.

పద్మశాలి చేతులకు వల ఇస్తే అంతే మరి. పడుగు పోగు ఒక్కటి వదులైతే గుడ్డ పాడు, సేటు తిట్లు, కూలి కోత. పుట్టినప్పటి నుంచి బిగించడమే నేర్చిన మనుషులు. మా ఇంట్లో నేర్పింది తలకిందులు. బిగువు వలకు తగిలిన చేప ఎగిరిపోతుంది, వదులు వలలోనే చిక్కుతుంది. ఈ వల పనీ అదే, వచ్చినదాని ఊపు మింగి కింద పడెయ్యాలి.

పొద్దంతా కింద కూర్చొని చినుగు అల్లాను. రజిత దారం అందించింది, నేను తిట్టాను, కాబట్టి పని త్వరగా అయింది. ఐదింటికి మల్లేశం నలుగురు మగ్గాలోళ్లతో నిచ్చెన మోసుకొని వచ్చాడు. నేను ఇంకా నోరు తెరవకముందే పైకెక్కి లాగడం మొదలుపెట్టారు.

"మల్లేశం, జర వదులు పెట్టు."

"వదులెందుకు టీచరమ్మా? వదులు పెడితే అదేం కట్టుడు? నలుగురు సూస్తే నవ్వరా?"

"నా మాట ఇను."

"మీరు బళ్లె నెట్టు కట్టిన్రు. గిది మా పని" అని వల మీద అరచేత్తో చరిచాడు. "సూడుండ్రి, డప్పు లెక్కున్నది!"

నాకు కోపం నెత్తికెక్కింది. "గా డప్పే నీ బిడ్డ కాలు పగలగొట్టింది! మెట్లు గాదు, ఏం గాదు!"

అనేశాను. ఒట్టు గట్టున పెట్టాను. రజిత నన్ను చూసిన చూపుకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మల్లేశం నిచ్చెన దిగాడు. కూతురు ఫోన్ అడిగి తీసుకొని వీడియో చూశాడు. మళ్లీ చూశాడు.

"ఎందుకు చెప్పలేదు బిడ్డా?"

"నువ్వు గంత ఇష్టంగ కడితివి గదా బాపూ."

ఆయన ఫోను కూతురి చేతిలో పెట్టాడు. వల అలాగే సగం వేలాడుతుండగా ఇంటికి నడిచిపోయాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. వచ్చింది వల బాగుచేయడానికి, చేసింది తండ్రీకూతుళ్ల మధ్య చిచ్చు పెట్టడం అని నన్ను నేనే బండబూతులు తిట్టుకున్నాను.

ఆదివారం ఏడింటికి మేం వెళ్లేసరికి మల్లేశం నిచ్చెన మీదున్నాడు. ఒక్కడే వచ్చి ఎప్పటి నుంచి పనిచేస్తున్నాడో, ఒక పక్క కట్లన్నీ విప్పేశాడు. మడతలు ఊడి వల జోలెలా జారింది.

"గింత వదులు సాలునా టీచరమ్మా?"

"ఇంకింత."

ఇంకా జార్చాడు. చేతులు మాత్రం ఒప్పుకోవడం లేదు. ఒక ముడి వదులుగా వేస్తాడు, అలవాటున లాగి బిగిస్తాడు, నాలుక కరుచుకొని మళ్లీ విప్పుతాడు. పదకొండుకు పని అయింది. చూడ్డానికి అందంగా లేదు, నిజం. దారిన పోయే మగ్గాలోడు ఒకడు, "ఏంది మల్లేశన్నా, ఆరేసిన చీర లెక్క గిట్ల కట్టినవ్?" అన్నాడు. మల్లేశం పళ్లు బిగించి నిచ్చెన పక్కన పెట్టాడు.

రజిత హ్యామర్ పట్టుకొని గీత దగ్గర నిలబడింది. లోపలికి అడుగు వెయ్యడం లేదు. బూటుతో నేల గీకుతోంది. నేను ధైర్యం చెప్పబోయాను, మల్లేశం అడ్డొచ్చాడు.

"ఇటియ్యి బిడ్డా. ముందుగాల నేను ఇసురుత."

"బాపూ, నీకు రాదు!"

"వలకే గదా కొట్టేది. దూరం ఎవనికి గావాలె?"

మమ్మల్ని దూరం పంపాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, రెండు చేతులా పిడి పట్టుకొని, ఒక్క చుట్టు తిరిగి, తూలిపడబోయి, గుండును నేరుగా వల మీదికి వదిలాడు. వదిలి కదల్లేదు. కళ్లు మూసుకొని, రెండు కాళ్లు ఎడంగా పెట్టి, ఏది వచ్చినా రానీ అన్నట్టు అక్కడే నిలబడ్డాడు. గుండు వలలోకి దూరిపోయింది, వల కడుపులా ఉబ్బింది, మెత్తగా వెనక్కి వచ్చింది. గుండు వల అడుగునే నేల మీద దబ్బున పడింది. అంగుళం కూడా ఇటు రాలేదు.

మల్లేశం ఒక కన్ను తెరిచాడు. "వచ్చిందా?"

"రాలే బాపూ" అంది రజిత. ఏడుస్తూ నవ్వింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి?

ఆ తర్వాత రజిత విసిరింది. మొదటి మూడుసార్లూ మూడు చుట్లే తిరిగింది. నాలుగోసారి నాలుగు చుట్లూ తిరిగింది. గుండు బాగానే వెళ్లింది, కాని వదిలాక భుజం కాస్త ముడుచుకుంది. నేను చూశాను, చూశానని అదీ గమనించింది.

మూడింటికి సూరత్ స్టేషన్‌లో బండి. అక్కడ ఒక రోజు మిగిల్చుకొని తాపీ నది ఒడ్డు చూడండి, నాకు కుదరలేదు. మల్లేశం కాగితం పొట్లంలో పోంక్ తెచ్చి ఇచ్చాడు. లేత జొన్న గింజలు వేయించినవి, చలికాలంలోనే దొరుకుతాయి. "మీరు చెప్పకపోతే నేను మల్ల బిగిస్తుంటి" అన్నాడు. ఒట్టు తప్పినందుకు నాకు దొరికిన క్షమాపణ అదే. సూరత్ గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని దారంతా ఆలోచించాను. రొద ఊరు, దుమ్ము ఊరు, తిండి బ్రహ్మాండం. మన మనుషులు అక్కడ రోజుకు పన్నెండు గంటలు నిలబడి పనిచేస్తూ కూడా ఒక ఆడపిల్ల కోసం ఆదివారాలు వదులుకున్నారు. ఇంతకంటే నాకు తెలియదు.

సోమవారం పొద్దున మంచిర్యాల దాటి గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి ఫోను మోగింది. రజిత. చప్పుడులో సగం వినపడలేదు, గట్టిగా అరవమన్నాను.

"టీచర్, ఇయ్యాల ఒకటి జారి వలకు కొట్టింది!"

"అయితే? ఏమైంది?"

"ఏం గాలే టీచర్. పోయి తెచ్చుకున్న. మల్ల ఇసిరిన. జరసేపైనంక యాదికొచ్చింది, భయపడుడు మర్చిపోయిన అని."