ఖాళీ లేని ఉయ్యాల

మా నాన్న చేతికి సుత్తి ఇస్తే మేకుకంటే బొటనవేలికే ఎక్కువ దెబ్బలు తగిలేవి. అయినా చిక్కడపల్లిలో మేమున్న అద్దె వాటాలో కాలు విరిగిన పీటైనా, పట్టె ఊడిన మంచమైనా ఆయన చేతుల్లోనే బాగుపడాలి, లేదా పూర్తిగా పాడవ్వాలి. తెలంగాణ గొడవల ఏడాది నాన్న ఆఫీసు, నా స్కూలు రెండూ మూతపడటంతో మా ఇంట్లో కర్ర సామాన్లకు మరీ కష్టకాలం వచ్చింది.

ఆ రోజుల్లోనే అక్క పురిటికి వచ్చింది. అత్తవారిల్లు ఎంతో దూరం కాదు, అశోక్ నగరే. ఇది రెండో కాన్పు. మొదటి పిల్లాడు మూడో నెలలో జ్వరమొచ్చి మా ఇంట్లోనే పోయాడు. వాడు పడుకున్న చెక్క ఉయ్యాలను అటక మీదికి ఎక్కిస్తుంటే జారిపడి ఒక మూల విరిగింది. ఆ తర్వాత ఎవరూ దాని ఊసెత్తలేదు. అక్క మాత్రం వచ్చిన రోజే అటక వైపు చూసి, "నాన్నా, అది బాగుచేసి పెట్టండి" అంది. కొత్తది కొందామని అమ్మ ఎంత చెప్పినా వినలేదు.

నారాయణగూడలో వడ్రంగి దుకాణం తెరవడం లేదు. ఇక నాన్నే పూనుకున్నారు. విరిగిన కొసను రంపంతో కోసి, కొత్త ముక్క చెక్కి, పెరట్లో కుంపటి మీద సరేసు కాచారు. ఆ తోలు జిగురు కంపుకి అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఇంట్లోకి పారిపోయింది. అతికిన మూలను తాడుతో బిగించి కట్టి, ఆరాక ఉయ్యాలను గొలుసులతో దూలానికి వేలాడదీశారు.

"బరువు పెట్టి ఊపితే గాని అతుకు నిలిచిందో లేదో తెలీదు" అన్నారు నాన్న.

ఖాళీ ఉయ్యాల ఊపడం అమ్మకు సుతరామూ గిట్టదు. మా ఇళ్లల్లో బారసాలనాడు ముందు పిండి రుబ్బే పొత్రాన్ని ఉయ్యాలలో పడుకోబెట్టి, దాన్ని తీశాకే బిడ్డను వేస్తారు. అమ్మకు అది గుర్తొచ్చింది. పొత్రం కడిగి, తుడిచి, పాత చీర ముక్కలో చుట్టి ఉయ్యాలలో పెట్టింది. బిడ్డ పుట్టకముందే ఆ పని చేయకూడదేమోనని ఆమెకు తట్టలేదు. నాన్న ఊపారు. అతుకు నిలిచింది. కానీ ఇదివరకు లేని చప్పుడొకటి వచ్చింది. కిర్రుమని మొదలై చివర్లో సన్నగా సాగేది. జిగురు గట్టిగా పట్టేదాకా బరువు అలాగే ఉండనివ్వమన్నారు నాన్న.

అలా ఉంచడమే కొంప ముంచింది. మధ్యాహ్నం పూట ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటే ఆ చప్పుడు వినిపించేది. వెళ్లి చూస్తే అక్క గోడకు చేరగిలబడి, ఊపడానికి ఉయ్యాలకు కట్టిన తాడు లాగుతూ ఉండేది. ఒకసారి ఆమె పెరట్లో ఉన్నప్పుడు కూడా వినిపించింది. గుమ్మంలోంచి చూశాను. గదిలో ఎవరూ లేరు. ఉయ్యాల ఊగుతోంది. ధైర్యం చేసి పొత్రం మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. ఎండ రాని గది అది. అక్క అప్పటిదాకా ఒళ్లో పెట్టుకుని ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను గాని, ఆ తర్వాత ఒంటరిగా ఆ గదిలో అడుగు పెడితే ఒట్టు.

ఒకరోజు ఇంటి యజమానురాలు అక్కను పలకరించడానికి వచ్చింది. ఊళ్లో ఎన్ని గొడవలున్నా మా గుమ్మం తొక్కడం మానని మనిషి. కాసేపటికి గదిలోంచి వంటింట్లోకి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏందక్కా ఇది? 'మెల్లగ మాట్లాడు, పండుకున్నడు' అన్నది నీ బిడ్డ. ఎవరి పిలగాడో అనుకొని గుడ్డ తీసి చూసిన. పొత్రమున్నది! జర తీసెయ్ దాన్ని. నాకే గుండె దడదడ అంటున్నది."

అమ్మ ఆ సాయంత్రమే తీయబోయింది. అక్క అరవలేదు, ఏడవలేదు. ఉయ్యాలకు అడ్డంగా నిలబడి, "ఇప్పుడే కదమ్మా కళ్లు మూశాడు" అంది. పొత్రానికి ఉన్నది చీర ముక్క కాదని అమ్మ అప్పుడు గమనించింది. అది పోయిన పిల్లాడి చొక్కా. పొత్రం అక్కడే ఉండిపోయింది. పొత్రం లేక పిండి రుబ్బడం ఆగిపోయిందని నాన్న ఇడ్లీల మాట ఎత్తబోతే అమ్మ చూసిన చూపుకి మళ్లీ నోరెత్తలేదు.

ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి రాగానే అక్క పిల్లను చాప మీద పడుకోబెట్టింది. ఆకలేస్తే పాలిచ్చేది, అంతే. ఉయ్యాలలో వెయ్యమంటే, "ఖాళీ లేదుగా" అనేది, మామూలుగా. చాప మీద పిల్ల ఏడుస్తుంటే ఆమె ఉయ్యాల ఊపుతూ కూర్చునేది. పోయినవాణ్ణి వదిలిపెట్టకపోతే ఉన్న బిడ్డ కూడా దీనికి దక్కదని అమ్మ నాన్నతో అనడం విన్నాను. నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ భయం వేసింది.

బారసాలనాడు అత్తవారి తరఫు వాళ్లంతా వచ్చారు. వాళ్లకు ఇవేవీ తెలీవు. ఉయ్యాలలో ముందే పొత్రం ఉండటం చూసి అమ్మ ముందుజాగ్రత్తను మెచ్చుకున్నారు కూడా. దాన్ని తీసి బిడ్డను వేసే వేళయింది. నాన్న పిల్లను ఎత్తుకుని ఉయ్యాల పక్కకొచ్చారు. అమ్మ అక్క ముందు చేతులు చాచింది.

"నాకివ్వు తల్లీ. నేను చూసుకుంటాను."

అక్క కదల్లేదు. నాన్న చేతుల్లో పిల్ల గుక్కపట్టింది. పాటలు పాడుతున్నవాళ్లు కూడా ఆగిపోయారు. అక్క పిల్ల వైపు చూసింది, ఉయ్యాల వైపు చూసింది. వంగి, రెండు చేతులతో పొత్రాన్ని మెల్లగా పైకి తీసి అమ్మకు అందించింది.

"మెడ ఇంకా నిలవలేదు. తల కింద చెయ్యి పెట్టమ్మా" అంది.

అమ్మ పెట్టింది.