పుక్కిలించమని ఎవరూ చెప్పలేదు

నా గొంతు పాడైంది మిరపకాయల వల్ల కాదు. ఈ మాట చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, అయినా మళ్ళీ చెబుతున్నాను. అద్దంకి పక్క పల్లెలో పుట్టి, వేడన్నంలో గొడ్డుకారం, నెయ్యి కలుపుకుని పెరిగినదాన్ని. కారం నా గొంతును ఏమీ చెయ్యలేదు.

ఉబ్బసం మాత్రం నిజమే. మొన్న వేసవిలో, కల్లాల్లో ఎండిన మిరపకాయను గోతాల్లోకి తొక్కుతున్న రోజుల్లో, ఆ దుమ్ముకు నాకు ఊపిరి అందలేదు. గుంటూరు తీసుకెళ్ళారు. బ్రాడీపేటలో పేరున్న ఊపిరితిత్తుల డాక్టరు. హాలంతా జనం. ఆయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, ఇన్‌హేలర్ రాసి, “పొద్దునా సాయంత్రం పీల్చండి. మానకండి” అన్నాడు. ఇంకేమైనా అడుగుదామనుకునేలోపే నా తర్వాతి మనిషి లోపలికొచ్చి నా కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

ఇన్‌హేలర్‌ను తిట్టను. అది వచ్చాకే వెల్లకిలా పడుకుని నిద్రపోగలిగాను. కానీ కొన్నాళ్ళకు గొంతులో నూగు పడ్డట్టు ఒకటే గరగర. ఆ తర్వాత మంట. బడులు తెరిచే నాటికి నా గొంతు నాకే పరాయిదైపోయింది.

మా ఇంట్లో మందుకో మర్యాద ఉంది. చిన్నప్పుడు హోమియో తీపి మాత్రలు మింగి పెరిగిన ఇల్లు మాది, మా అత్తగారి ఇల్లూ అంతే. మందు వేసుకున్నాక అరగంట దాకా నోట్లో చుక్క నీళ్ళు పడకూడదు. ఇన్‌హేలర్‌కూ అదే చట్టం అమలైంది. నేను మంట తట్టుకోలేక చెంబు అందుకుంటే మా ఆయన లాక్కునేవాడు.

“అప్పుడే నీళ్ళేంటే? మందంతా కొట్టుకుపోద్ది. కాసేపు ఓర్చుకో.”

ఓర్చుకున్నాను. ఎవరికి కష్టమొచ్చినా ఓర్చుకోమని చెప్పడం ఎంత సులువో అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత పథ్యం. వంకాయ వద్దు, గోంగూర వద్దు, ఆవకాయ జాడీ నా కంట పడకుండా అటక ఎక్కించారు. నా కంచంలో బీరకాయ, పెసరకట్టు. పక్క కంచంలో ఆవకాయ ముక్క. స్టాఫ్‌రూంలో నా డబ్బా మూత తియ్యగానే అందరూ లోపలికి తొంగి చూసేవాళ్ళు, దొంగతనంగా కారం తెచ్చుకున్నానేమోనని. “మిరపకాయల ఊళ్ళో పుట్టి గొంతు మండుతుందంటే ఎట్లా మేడమ్?” అని ఒకటే నవ్వు. నాకు ఒళ్ళు మండిపోయేది.

నేను ప్రైవేటు బడిలో పదో తరగతికి తెలుగు చెబుతాను. పద్యాన్ని రాగం తీసి చదివితేనే పిల్లల మెడలు పైకి లేస్తాయి. లేకపోతే అది వాళ్ళకు మార్కుల కోసం బట్టీ పట్టాల్సిన నాలుగు లైన్లే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాదంటూ ఉన్నది ఆ చదవడం ఒక్కటే. జీతం చూసి ఎవరూ ఈ పని చెయ్యరు. అలాంటిది, ఆ యేడు రెండో పాదం దాటేసరికి నా గొంతు చీలిపోయేది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వేవారు. నేను పుస్తకం మూసి అర్థం చెప్పేసేదాన్ని.

మందు మానెయ్యమన్నారు చుట్టుపక్కలంతా. “అదలవాటైతే ఇక వదల్దమ్మా” అని భయపెట్టారు. మానేసి చూశాను. వారం తిరక్కుండానే మళ్ళీ పిల్లికూతలు, మళ్ళీ కూర్చుని తెల్లవారబెట్టడం. ఊపిరి కావాలంటే గొంతు వదులుకో, గొంతు కావాలంటే ఊపిరి వదులుకో అన్నట్టుంది నా బతుకు. ఊపిరే ఉంచుకున్నాను.

దీపావళి వెళ్ళాక కరస్పాండెంట్ గారు పిలిచారు.

“ఏవనుకోకండి మేడమ్‌గారూ. పేరెంట్స్ అడుగుతున్నారు. ఈ యేడాదికి ఆరో తరగతి చూసుకోండి. పదికి కొత్త సారొస్తాడు. మీకూ రెస్టు.”

నేను రెస్టు అడగలేదు. ఆ మాట అనడానికి కూడా గొంతు పెగల్లేదు.

అప్పుడు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అదీ బ్రాడీపేటలోనే, మొదటి డాక్టరుకు రెండు సందుల అవతల. ఈయన నోట్లో టార్చి వేసి చూశాడు. నాలుక మీద, కొండనాలుక పక్కన తెల్లటి పూత.

“ఇన్‌హేలర్ వాడతారా? పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మట్లేదా?”

“లేదండీ.”

“చదువుకున్నవాళ్ళే కదమ్మా! మందు గొంతులో పేరుకుంటే ఇట్లాగే పూస్తది. పీల్చిన వెంటనే నీళ్ళు పుక్కిలించాలి, గొంతు దాకా పోనిచ్చి ఉమ్మెయ్యాలి. ఇంతే.”

ఇంతే! పూతకు మందు రాయించుకుని, అక్కణ్ణించి నేరుగా మొదటి డాక్టరు దగ్గరికి నడిచాను. మా ఆయన “ఇప్పుడు గొడవెందుకు, పోనీ” అంటూ వెనక వస్తున్నాడు. పోనివ్వడానికి పోయింది ఆయన గొంతు కాదు. మళ్ళీ ఫీజు కట్టి, మళ్ళీ వరసలో కూర్చుని, లోపలికెళ్ళి అడిగాను, పుక్కిలించమని ఎందుకు చెప్పలేదని.

“చెప్పే ఉంటానమ్మా. మీరే మర్చిపోయుంటారు” అన్నాడు, తలెత్తకుండా.

పద్యాలు గుర్తుపెట్టుకుని బతికేదాన్ని నేను. అరుద్దామనుకున్నాను. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన నా వైపు చూసి, “ముందు గొంతుకు విశ్రాంతివ్వండి” అన్నాడు. ఆ కోపం ఇప్పటికీ అరగలేదు.

పొద్దునా సాయంత్రం ఇన్‌హేలర్ పీల్చి, వెంటనే పెరట్లో నిలబడి పుక్కిలించి ఉమ్మడం మొదలుపెట్టాను. మొదటిరోజు మా ఆయన చెంబు తెచ్చి చేతికిచ్చాడు. నేను థాంక్స్ చెప్పలేదు. ముందు పూత పోయింది, తర్వాత మంట, సంక్రాంతి సెలవులు అయ్యేసరికి గరగర కూడా పోయింది. ఊపిరికీ ఏ లోటూ రాలేదు. ఇన్నాళ్ళూ రెండూ ఉండగలిగేవన్నమాట. అందరూ సంతోషించమన్నారు. నాకు సంతోషం రాలేదు. నా పిల్లల యేడాది నాకెవరిస్తారు?

కరస్పాండెంట్ గారిని అడిగితే, “పరీక్షల ముందు మార్పులొద్దు మేడమ్, పిల్లలు కొత్త సారుకు అలవాటుపడ్డారు” అన్నారు. సరేనని ఆరో తరగతికి వెళ్ళిపోయాను.

ఒకరోజు వరండాలో వెళుతుంటే పదో తరగతి గదిలోంచి పద్యం వినబడింది. తలుపు దగ్గర ఆగాను. కొత్త సారు కుర్చీలో కూర్చుని పేపర్లు దిద్దుకుంటున్నాడు. బల్ల మీద స్పీకరు, దానికో ఫోను. ఎవరో ఎక్కడో పాడి పెట్టిన పద్యం, హార్మోనియంతో సహా. పిల్లల్లో సగం మంది తలలు బల్లల మీద వాల్చేశారు.

లోపలికెళ్ళి స్పీకరు ఆపేశాను.

“మేడమ్, సిలబస్ అయిపోవాలండీ” అన్నాడు ఆ కుర్ర సారు, కంగారుగా లేచి.

“అయిపోతుంది. మీరు కూర్చోండి.”

పుస్తకం అడగలేదు. నిలబడి అదే పద్యం ఎత్తుకున్నాను. రెండో పాదం దాటింది. మూడోది దాటింది. వెనక బెంచీ వాళ్ళు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. నాలుగో పాదం చివర రాగాన్ని ఎంతసేపు నిలపాలనుకున్నానో అంతసేపూ నిలిపాను.

గుమ్మంలో కరస్పాండెంట్ గారు. “మేడమ్, మీ క్లాసు ఆరో తరగతి కదా.”

“తెలుసండీ” అని, తర్వాతి పద్యం మొదలుపెట్టాను.