మా హారిక చెయ్యి ఉన్న స్కూల్ గోడ

మా హారిక చిన్నప్పుడు... చికాగోలో మా ఇంటికి రెండు వీధుల అవతల మూడంతస్తుల ఎర్ర ఇటుకల స్కూల్ ఉండేది. ఎంతమంది ఎక్కి దిగారో, మెట్లు మధ్యలో గుంటలు పడి ఉండేవి. అక్కడ ఊడ్చే పెద్దాయన వాళ్ళమ్మ కూడా అందులోనే చదివిందట.

నేను ఐదో క్లాసుతో ఆపేసినదాన్ని. అయినా ఆ స్కూల్లో నన్నెవరూ చిన్నచూపు చూడలేదు. చూసింది మనవాళ్ళే.

"అక్కా, ఆ పాత కొంపలో చదువేం వస్తుంది? మాలాగా నేపర్‌విల్ వచ్చేయండి, స్కూల్ రేటింగ్ చూడండి" అనేది ఊరి శివార్లకి మారిన మా ఫ్రెండ్ సుజాత, కలిసినప్పుడల్లా.

"ఆ రేటింగ్ స్కూల్లోనే కదా మీవాడు నువ్వు పెట్టిన పులిహోర చెత్తబుట్టలో పడేస్తున్నది?" అన్నాను ఒకసారి.

ఒకటో క్లాసులో పిల్లలందరిచేతా టైల్స్ మీద రంగు చేతులు అద్దించి, కింద వరండా గోడకి అంటించారు. మాదానిది పసుపు రంగు. "నువ్వు గడపకి రాస్తావు కదమ్మా, అందుకే ఎల్లో తీసుకున్నా" అంది.

తొమ్మిదో ఏట పోయింది నా తల్లి... ఎలాగో ఇక్కడ రాయను.

లిస్టులో పేరు తీయలేదేమో, ఆ తర్వాత కూడా స్కూల్ నుంచి దాని పేరుతో ఉత్తరాలు వచ్చేవి. చింపి చూడబుద్ధి కాలేదు. దాని పేరుతో వచ్చేవి ఇంకేమున్నాయి? దాని బట్టల మధ్య దాచాను. మా ఆయన్ని కూడా ముట్టుకోనివ్వలేదు.

పిల్లలు తగ్గారని స్కూల్ మూసేశారు. ఒకరోజు అటు వెళ్తే చుట్టూ కంచె... వరండా లేదు, గోడ లేదు.

ఇంటికొచ్చి మా ఆయన ఆ కవర్లన్నీ చింపారు. ఒకదాంట్లో ఉంది... టైల్స్ కావాలంటే ఫలానా తేదీలోగా వచ్చి తీసుకెళ్ళమని. ఆ తేదీ దాటి నెలయింది.

తెరవకపోవడం నా తప్పే. కానీ బిడ్డ పోయిందని వాళ్ళకి తెలుసు కదా... ఒక్క ఫోన్ చేయలేరా? ఒక్క టైల్ ఊడదీసి పక్కన పెట్టలేరా? మా ఆయన స్కూళ్ళ బోర్డు ఆఫీసుకెళ్ళి అడిగితే, "నోటీస్ పంపాం మేడమ్" అందట అక్కడి మనిషి. తలెత్తి చూడను కూడా లేదట.

"పోనీలే అక్కా, పాత బిల్డింగే కదా" అంది సుజాత. మళ్ళీ దాని ఫోన్ ఎత్తలేదు.

ఇప్పుడక్కడ పార్కింగ్ లాట్. ఎవరెవరి కార్లో నా పిల్ల చెయ్యి మీద నిలబడుతున్నాయి.

ఆ స్కూల్లో పిల్లల్ని చదివించినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే... వరండాలో తీసిన పాత ఫొటోలు ఒక్కసారి వెతకండి. మీ పిల్లల వెనకాల గోడ మీద ఆ చిన్న పసుపు చెయ్యి కనిపిస్తే పంపండి. ఫొటో లేనివాళ్ళు ఏమీ రాయొద్దు. ఓదార్పులు నాకు చాలా వచ్చాయి.