బర్రె ఈనింది, నస్రీన్ నవ్వింది

ఇయ్యాల పొద్దున గౌలిపురల మా బర్రె ఈనింది. పెయ్యదూడ! మస్తు ఖుషీగ ఉన్న, అందుకే రాస్తున్న.

మా కొట్టం ఎదురుంగ మిద్దె మీద నస్రీన్ అనే బిడ్డ ఉంటది. కడుపుతోని ఉన్నది, తొమ్మిదో నెల. లాక్‌డౌన్‌ల పెనిమిటి లారీతోని నాగపూర్ కాడ ఆగిపోయిండు, తల్లి వికారాబాద్‌ల చిక్కుకున్నది. వారం నుంచి తింటలేదు, ఏడుస్తున్నదని ఆమె అత్త చెప్పింది.

బర్రె ఈనుతున్నంతసేపు నస్రీన్ పిట్టగోడ పట్టుకొని చూసింది. అయినంక అడిగింది.

"చాచా, అది భయపడలేదా?"

నేను ఆడోళ్లతోని మాట్లాడేటోణ్ణి కాదు. మాస్క్ ఉన్నందుకేమో మాట బయటికొచ్చింది.

"భయపడ్డది బిడ్డా, మొదటి కాన్పు గద. నేను పక్కన నిలబడ్డ, గంతే."

"మరి నా పక్కన ఎవరుంటరు చాచా? దవాఖానల ఎవ్వర్నీ లోపలికి రానిస్తలేరంట."

"గేటు బయట నేనుంట. పాలు పోసేటోణ్ణి గద, పాస్ ఉంది, పోలీసులు ఆపరు" అన్న.

"గేటు కాడ నువ్వేం జేస్తవ్?"

"బర్రెకేం జేసిన? గదే!"

పకపక నవ్వింది. కడుపు పట్టుకొని మరీ నవ్వింది. "ముందుగాల జున్నుపాలు పంపు, ఆకలైతుంది" అని తాడుకు గిన్నె కట్టి కిందికి దించింది. సాయంత్రం అత్త చెప్పింది, రెండు గిన్నెల జున్ను తిన్నదంట!

మా ఇంటామె మాత్రం ఎత్తిపొడుస్తున్నది. "మన పిల్లలు పుట్టినప్పుడు సిగ్గుతోని కొట్టంల దాక్కున్నవ్. ఇప్పుడు దవాఖానకు పోతవా?"

పోత. దవాఖాన గేటు కాడ నిలబడ్డోళ్లు ఎవరన్న ఉంటే జర చెప్పుండ్రి, ఏమేం తీస్కపోవాలె?