వీధిపోటు స్థలం

నా చిన్నప్పుడు మేము తెనాలిలో ఒక బియ్యం మిల్లు వెనక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. నాన్న మిషన్ బళ్లో మాస్టారు. బజారులో ఎదురైతే పెద్దవాళ్లు కూడా సైకిల్ దిగి నమస్కారం పెట్టేవారు. ఆ నమస్కారాలన్నీ పోగేస్తే ఒక గోడైనా లేస్తుందేమో చూడమని అమ్మ ఎత్తిపొడిచేది. అమ్మ నోరు అలాంటిది. నాకూ అదే వచ్చింది, దాచుకోవడం దేనికి.

సొంత ఇల్లు అన్న మాట మా ఇంట్లో మొదలైంది నానమ్మ పోయిన రోజున. ఇంటిగలావిడ శవాన్ని వసారాలో ఉంచడానికి ఒప్పుకోలేదు. అద్దెకున్నవాళ్ల శవం గడపలో ఉంటే ఇంటికి కీడని వాళ్ల నమ్మకం. ఆ మాట కూడా ఏడుస్తూనే చెప్పింది. నానమ్మను వీధిలో, మురుగు కాలవ పక్కన మంచం వేసి పడుకోబెట్టాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే మిల్లుకు పోయే ధాన్యం బండి వచ్చి ఆగింది. బండివాడు దారిమ్మన్నాడు. మంచం పక్కకి జరిపి మళ్లీ ప్రార్థన మొదలుపెట్టారు. నాన్న ఆ రోజు ఏడవలేదు గానీ, సమాధుల దగ్గర్నుంచి వచ్చాక అమ్మతో అన్నాడు: "నన్ను మాత్రం నా వసారాలోంచే తీసుకెళ్లాలి." ఆయన జీవితంలో కోరిన కోరిక అదొక్కటే.

అప్పట్లో ఊరి శివార్లలో వరిచేలు మెరక చేసి ప్లాట్లు వేశారు. సగం ఇళ్లు లేచాయి కూడా. గుమాస్తాలు, ప్లీడర్లు, బ్యాంకువాళ్లు కట్టుకుంటున్నారు. రోడ్డు చివర ఒక మూల స్థలం ఖాళీగా ఉందని తెలిసి నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని, ఆ ప్లాట్ల ఆసామి ఇంటికి వెళ్లాడు.

ఆసామి మమ్మల్ని వసారాలో కుర్చీలు వేయించి కూర్చోబెట్టాడు. ఏ ఊరండి అన్నాడు. ఇంటిపేరు ఏంటండి అన్నాడు. ఆదివారం వస్తే స్థలం చూపిస్తానన్నాడు. ఆదివారం చర్చికి వెళ్లొచ్చేసరికి మధ్యాహ్నం అవుతుందండి అన్నాడు నాన్న. ఆసామి ఒక్క క్షణం ఆగి, మనిషిని పంపించి హోటల్ నుంచి కాఫీ తెప్పించాడు. నాన్న తాగేదాకా చూసి, చాలా దిగులుగా అన్నాడు: "మాస్టారూ, మీరు పిల్లలు గలవారు. ఆ స్థలానికి ఎదురుగా రోడ్డొచ్చి గుచ్చుకుంటుందండి. వీధిపోటు. పగవాడికి కూడా ఇవ్వను నేను." మిగతా ప్లాట్లన్నీ అయిపోయాయట.

నాన్న వాస్తు నమ్మేవాడు కాడు. అయినా ఆ మనిషి మంచితనానికి కరిగిపోయాడు. బేరం పోగొట్టుకుని మరీ మన మేలు కోరాడు చూడు అని దారి పొడుగునా చెబుతూనే వచ్చాడు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఆసామి కోసం, అతని పిల్లల కోసం దేవుడికి స్తోత్రం చెప్పాడు. మేమందరం ఆమేన్ అన్నాం.

మా పక్క వాటాలో ఒక అక్క ఉండేది. వాళ్లు మా మతం కాదు, మా కులమూ కాదు. మొగుడు రైల్వేలో పని చేసేవాడు. నవ్వితే మిల్లు దాకా వినపడేది. మరునాడు బావి దగ్గర అమ్మ ఈ కథంతా చెబితే పక్కింటి అక్క చేద వదిలేసింది. నేరుగా నాన్న దగ్గరికి వచ్చి అడిగింది: "బాబాయిగారూ, మీ బైబిల్లో వీధిపోటు ఎక్కడుందండి?" నాన్న నవ్వాడు. ఆమె నవ్వలేదు.

వారం తరవాత నన్ను బజారుకని తీసుకెళ్లింది. వెళ్లేముందు వాళ్లింట్లో నాకు రెండు జడలు వేసి, నుదుట కుంకుమ బొట్టు పెట్టింది. నాకు బొట్టంటే మహా మోజు. బళ్లో సగం మంది పెట్టుకొచ్చేవారు, మా ఇంట్లో పెట్టేవారు కాదు. అద్దంలో చూసుకుని మురిసిపోయాను. "అక్కడ నన్ను పిన్నీ అను, ఇంకేం మాట్లాడకు" అంది అక్క. రిక్షా ఆగింది ఆసామి ఇంటి ముందే.

అదే వసారా. ఏ ఊరమ్మా, మీవారి ఇంటిపేరు ఏంటమ్మా అని అవే ప్రశ్నలు. అక్క చెప్పగానే ఆసామి మొహం విప్పారింది. మనవాళ్లే అంటూ లోపలికి కేకేశాడు. ఈసారి కాఫీ హోటల్ నుంచి రాలేదు, వాళ్లావిడే స్వయంగా ఇంట్లోంచి తెచ్చింది. నాకు జామపండు ఇచ్చి, లక్ష్మీకళ ఉట్టిపడుతోందమ్మా పిల్లలో అని బుగ్గ పుణికింది. వారం కిందట నాన్న పక్కన అదే కుర్చీలో కూర్చున్న పిల్లనని ఆసామి పోల్చుకోనేలేదు. ఆ రోజు నన్ను చూసి ఉంటే కదా.

చివరి ప్లాటుకు వీధిపోటు ఉందంటున్నారు, నిజమేనా అండి అని అడిగింది అక్క.

"ఎవరమ్మా ఆ మాటన్నది? అది ఈశాన్యపు వీధిచూపు తల్లీ, వెతికినా దొరకదు. మొన్నెవరో మాస్టారట, వచ్చారు. నేనే బేరం పడనివ్వలేదు. పదిమందిమి కలిసి ఉండే చోటు, మనిషిని చూసి ఇచ్చుకోవాలి కదమ్మా."

అక్క కాఫీ గ్లాసు అలాగే కింద పెట్టేసి లేచింది. రిక్షాలో నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. ఆమెకు ఎందుకంత కోపమో నాకు అర్థం కాలేదు. నాకు అర్థమైందల్లా ఒకటే, ఆ స్థలం మంచిది. ఇంకా అమ్ముడుపోలేదు. ఇంటి ముందు రిక్షా ఆగీ ఆగకముందే దూకి పరిగెత్తాను.

"నాన్నా, అది వీధిపోటు కాదంట! చాలా మంచిదంట! ఇంక మనం కొనుక్కోవచ్చు!"

నాన్న పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నాడు. నా మొహం చూశాడు, నుదుటి మీద బొట్టు చూశాడు, వెనకే వస్తున్న అక్కను చూశాడు. ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. కలం మూత పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు. అమ్మ వచ్చి కొంగు తడిపి నా నుదురు తుడిచింది. చర్మం మండేలా తుడిచింది. బొట్టు పోయాక కూడా తుడుస్తూనే ఉంది.

"నా పేరున కొంటాను బాబాయిగారూ. తరవాత మీ పేరున మార్చుకుందురు గాని" అంది అక్క. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నాన్న వద్దన్నాడు. దొంగలా దూరిన ఇంట్లో నిద్ర పట్టదమ్మా అన్నాడు. కాసేపటికి, తనకు తనే చెప్పుకుంటున్నట్టు, "పోనీలే, మర్యాదగానే చెప్పాడు గదా" అన్నాడు.

అమ్మ ఊరుకోలేదు. "చెప్పుతో కొట్టినా పట్టుగుడ్డలో చుట్టి కొట్టాడని సంబరమా?" అంది. నావైపు తిరిగి, "నువ్వు గుర్తుపెట్టుకో. ఎవడైనా తియ్యగా వద్దన్నాడంటే, ఆ తీపి వెనకేముందో చూడు" అంది.

గుర్తుపెట్టుకున్నాను. నాన్న మాత్రం ఆసామి బజారులో కనిపిస్తే చివరిదాకా నమస్కారం పెడుతూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండేది. నేను బాపట్లలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నాన్న ఆసుపత్రిలో పోయాడు. అప్పటికీ అద్దె ఇల్లే. శవాన్ని ఆసుపత్రి నుంచి నేరుగా చర్చికి తీసుకెళ్లాం. వసారా మాట దేవుడెరుగు, ఈసారి వీధి కూడా దక్కలేదు.

అమ్మ చెప్పిన పాఠం ఆఫీసులో నాకు బాగానే పనికొచ్చింది. మీ ఆరోగ్యం కోసమే అంటూ ప్రమోషన్ ఆపబోయిన అధికారిని పట్టుకున్నాను. మీకు దూరమవుతుందండి అంటూ క్వార్టర్ ఇవ్వకుండా తప్పించబోయినవాణ్ణి పట్టుకున్నాను. తియ్యటి మాట వినపడితే చాలు, నా చెవులు నిక్కబొడుచుకునేవి. నన్నెవరూ మోసం చేయలేరని గర్వంగా ఉండేది.

రిటైరయ్యాక, కొన్నేళ్ల కిందట, తెనాలి శివార్లలోనే ఒక పాత కాలనీలో ఇల్లు చూశాను. ఆసామి ప్లాట్లకు అవతలి వైపు. ఇప్పుడక్కడ మెడికల్ షాపు, స్కూలు బస్సులు, వీధి చివర చర్చి, అన్నీ ఉన్నాయి. ఇంటాయన నాకంటే పెద్దవారు. పొన్నూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోతూ అమ్మకానికి పెట్టారు. వసారాలో కూర్చోబెట్టారు. ఏ ఊరమ్మా, ఇంటిపేరు ఏంటమ్మా అన్నారు. మళ్లీ అవే ప్రశ్నలు. కాస్త ఆగి, ఎంతో బాధగా అన్నారు.

"అమ్మా, మీరు ఒంటరి మనిషి. ఈ ఇల్లు తీసుకోవద్దమ్మా. రోడ్లన్నీ ఎత్తు చేశారు, ఇల్లు పల్లంలో పడింది. గట్టి వానొస్తే నీళ్లు లోపలికొస్తాయి. వేరే ఇల్లు చూసుకోండి."

అది మండువేసవి. కాలవలు కట్టేసి ఉన్నాయి, పెరడంతా నెర్రెలిచ్చి ఉంది. నీళ్లట! కాఫీ ఇంట్లోంచే వచ్చిందని కూడా నేను గమనించాను. అయినా నాకు వినపడింది ఆయన గొంతు కాదు, ఆనాటి ఆసామిది. ఎవరినైనా పంపి మరోసారి అడిగించి ఉంటే వాళ్లకూ ఆయన అదే చెప్పేవారు. అడిగించలేదు, నాకు తెలుసు గదా! "మాలాంటివాళ్లకు అమ్మడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి" అన్నాను. పెద్దాయన మొహం పాలిపోయింది. అయ్యో, అదేం మాటమ్మా అంటూ ఆ వారమే రాసిచ్చేశారు. నాన్న తరఫున నేను గెలిచాననుకున్నాను.

ఆ ఏడు తుఫాను వానకు నీళ్లు గడప దాటి వచ్చాయి. మంచం కోళ్లు మునిగాయి, పెట్టెలో నాన్న ఫోటో తడిసి మొహం చెరిగిపోయింది. ఇప్పుడు ప్రతి వానాకాలం ఫ్రిజ్ ఇటుకల మీదికి ఎక్కుతుంది, నేను మంచం మీదికి ఎక్కుతాను. కొనేవాడు రాడు. వచ్చినా, వాడికి ఏం చెప్పి అమ్మను?

ఆ మొదటి ఏడే, నీళ్లింకా తీయకముందే, పెద్దాయన పొన్నూరు నుంచి ఆటోలో వచ్చారు. పంచె మోకాళ్ల పైకి పట్టుకుని, బురదలో నడిచి, నాకు అన్నం క్యారేజీ తెచ్చారు. ఎత్తిపొడవలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు: "చెప్పాను గదమ్మా. నా మాట ఎందుకు నమ్మలేదమ్మా?"

ఆ మొదటి ఆసామి నాన్నకు స్థలం ఇవ్వలేదు, అది వాడి పాపాన పోతుంది. కానీ ఒక మంచివాడు ఎదురుగా కూర్చుని నా మేలు కోరి చెబుతుంటే, మంచిమాటగా వినే చెవి నాకు లేకుండా చేసి పోయాడు. దానికి మాత్రం వాణ్ణి నేను క్షమించలేదు. ఈ వయసులో కూడా ఎవరైనా ప్రేమగా ఒక మాట చెబితే, అందులో విషం ఎక్కడుందా అని ముందు వెతుకుతాను. దొరక్కపోతే ఇంకా ఎక్కువ భయపడతాను.

ఇదంతా ఆయనతో ఎలా చెప్పను? ఆయన జవాబు కోసం చూస్తూ ఆ నీళ్లలోనే నిలబడ్డారు. క్యారేజీ అందుకుని, "ఈ ఏడు వానలు మరీ ఎక్కువండి" అన్నాను.