కేసు తేలగానే వస్తానంది

మా పెద్దమ్మ పెద్దాసుపత్రిలో కాన్పుల వార్డు నర్సు. ఆవిడ "ఇంకొంచెం, ఇంకొంచెం తల్లీ!" అని కేకేస్తే గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా నొప్పులొచ్చేవని వార్డులో వేళాకోళం. అందరూ ఆవిణ్ణి మైకమ్మ అనేవారు. ఆసుపత్రిని ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తారన్న కబురు పొక్కినప్పుడు గేటు ముందు ధర్నాకి గొంతిచ్చిందీ ఆవిడే. పక్కన ఎప్పుడూ క్యాంటీన్ వంటావిడ నిలబడేది. మాట తక్కువ, మొండితనం ఎక్కువ.

పెదనాన్న లిఫ్టులు బాగుచేసేవాడు. అదే ఏడాది ఆయనకు విదేశంలో ఉద్యోగం కుదిరింది. ఇద్దరికీ వీసాలొచ్చాయి. పెట్టెలు సగం సర్దాక, ఒక పొద్దున పోలీసులు క్యాంటీన్‌కొచ్చి వంటావిణ్ణి వ్యాన్ ఎక్కించుకుపోయారు. చేతులకంటిన పిండి కూడా కడుక్కోనివ్వలేదు. జనాన్ని రెచ్చగొట్టిందని కేసు.

"రేపు నీ వంతు," అన్నాడు పెదనాన్న. "బయటపడే దారి కళ్లెదుట పెట్టుకుని ఇక్కడే ఉంటానంటావేంటి?"

"ఆవిడకి ముందూ వెనకా ఎవరూ లేరండీ. వాయిదాకి తీసుకొచ్చినప్పుడు కోర్టు గుమ్మంలో తెలిసిన మొహం ఒక్కటైనా కనపడొద్దూ?"

"మరి నాకెవరున్నారు?"

ఆ కొద్ది రోజులూ పెద్దమ్మ తేల్చుకోలేక నలిగిపోయింది. భర్త చొక్కాలు మడతపెడుతుంటే వెళ్లిపోదామనిపించేది. జైలుకెళ్లి ఊచల అవతల ఆవిణ్ణి చూసొస్తే కాళ్లు కదిలేవి కావు. చివరికి "కేసు తేలగానే వచ్చేస్తాను" అంది. పెదనాన్న ఒక్కడే విమానమెక్కాడు.

కేసు తేలలేదు. బెయిలూ రాలేదు, వాయిదా మీద వాయిదా. ఈలోగా పెద్దమ్మ వీసా గడువు దాటిపోయింది, ఆసుపత్రి చేతులు మారింది, ధర్నాకొచ్చే జనం పలచబడ్డారు. మొదట్లో పెదనాన్న ఫోన్ చేసి "ఎప్పుడొస్తున్నావ్?" అనేవాడు. తర్వాత్తర్వాత "అసలొస్తావా?" అన్నాడు. ఆపైన అక్కడి చలి గురించీ, వానల గురించీ మాట్లాడి పెట్టేసేవాడు.

ఏళ్లు గడిచాక వంటావిడ తప్పేమీ లేదని వదిలేశారు. జైలు బయట కావలించుకుంటే ఎముకలే చేతికి తగిలాయట. పెద్దమ్మ తన ఇంటికే తీసుకొచ్చింది. కాస్త కోలుకున్నాక ఒక మధ్యాహ్నం ఆవిడ తలొంచుకుని చెప్పింది.

"అక్కా, విదేశంలో ఒకళ్లింట్లో వంటపని దొరికింది. ఇక్కడ నన్ను పనిలో పెట్టుకోవాలంటేనే భయపడుతున్నారు. కొట్లాడే ఓపిక నాకిక లేదు. తిడితే తిట్టు."

"తిట్టనే. వెళ్లు. కడుపు నిండా తిను."

విమానాశ్రయం దాకా వెళ్లి సాగనంపి, పెద్దమ్మ నేరుగా మా ఇంటికొచ్చింది. అమ్మ మంచినీళ్లిచ్చింది. తాగలేదు.

"దాని మీద కోపం లేదే," అంది అమ్మతో. "ఓపిక లేదనడం ఎంత తేలిక! ఆ మాట నా నోటికెందుకు రాలేదో."

అక్కణ్ణుంచే పెదనాన్నకి ఫోన్ చేసింది. "ఇప్పుడు రమ్మంటారా?"

"ఇప్పుడెందుకులే. ఒక్కణ్ణే ఉండటం అలవాటైపోయింది," అన్నాడాయన.

"సరేలెండి. ఒంట్లో జాగ్రత్త," అని పెట్టేసింది. అప్పుడు చూశాను, మా పెద్దమ్మ ఏడవడం.

ఈ మధ్య ఆసుపత్రిలో ఆయాల్ని కొందర్ని తీసేశారు. ఆవిడ వాళ్లని వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. "ఇంకా ఎందుకక్కా, ఇదంతా?" అంటుంది అమ్మ.

"ఇంట్లో కూర్చుని ఏం చెయ్యనే?" అంటుంది పెద్దమ్మ.