లేని బోర్డుకూ స్విచ్ వేయాలి

పొద్దున్నుంచి ప్రోగ్రాంలో తప్పులు పట్టే డీబగ్గర్‌ను సర్క్యూట్ బోర్డుకు కనెక్ట్ చేద్దామంటే ససేమిరా అంది. అది అసలు బోర్డు కాదు, కంప్యూటర్‌లో బోర్డులా నటించే సిమ్యులేటర్. సెట్టింగులన్నీ మార్చాను. నాలుగు టీలు తాగాను. ఎనభైలలో మానుకోటలో రేడియోలు బాగుచేసిన మా బాపు వెనక నిలబడి చూశాడు.

"గా బోర్డు చాలు చేసినవా బిడ్డా?"

"అది నిజం బోర్డు కాదు బాపూ."

"అయితేంది? చాలు చెయ్యకుంటే ఎట్ల పలుకుతది?"

నిజమే, సిమ్యులేటర్‌ను స్టార్ట్ చేయనే లేదు. చేయగానే కనెక్ట్ అయింది.

"అప్పట్ల సెల్లులు ఉల్టా ఏసి, రేడియో ఖరాబైందని ఊర్లకెళ్లి మోసుకొచ్చేటోళ్లు. పాపం, వాళ్లకు సదువు లేకుండె. నీకేమైంది?"

నా ఇంజనీరింగ్ పట్టా ఎవరికైనా కావాలంటే కామెంట్‌లో చెప్పండి. ఆలస్యమైతే బాపు దాన్ని రేడియో మీద దుమ్ము పడకుండా కప్పేస్తాడు.